చెల్లి అడిగిన ప్రశ్న: కంటిలో దారితప్పిన రక్తనాళాలు, రోగనిరోధక కణాల పాత్ర

ఈ వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాయమని సంపాదక వర్గం వారు అడిగినప్పుడు విషయం కోసం మేము వెతుక్కోవలసిన పని లేకపోయింది. మేమంటే ఆరో నంబరు గదిలో పక్కపక్కన ట్రంకు పెట్టెలు పెట్టుకుని ఐదేళ్లు గడిపిన నలుగురం. ఇప్పుడు మాలో ఒకరు మైక్రోబయాలజీ చదివి ల్యాబులో పనిచేస్తున్నారు. ఒకరు ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి పరీక్షలు చేస్తారు. ఒకరు బడిపంతులు. నాలుగోవాడు ఊళ్లోనే వ్యవసాయం చేసుకుంటున్నాడు. ఈ వ్యాసం ఆ నాలుగోవాడి చెల్లెలిది.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా, 2003లో, ఆ పాప పుట్టింది. కబురు వార్డెన్ గారి గది ఫోనుకు వచ్చింది. ఏడో నెలలోనే కాన్పు అయిందనీ, బిడ్డ కిలో పావు ఉందనీ, గాజు పెట్టెలో పెట్టారనీ చెప్పారు. ఆ రాత్రి స్టడీ అవర్లో మా గది వాళ్లం ఎవరం పుస్తకం తెరవలేదు. బిడ్డ బతికింది. 22 రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చింది. హాస్టల్లో అందరికీ తలా ఒక బెల్లం ముక్క పంచాడు మావాడు. ఐదో నెలలో వాళ్లమ్మకు అనుమానం వచ్చింది, దీపం ఎటు తిప్పినా బిడ్డ తల తిప్పడం లేదని. పట్నం తీసుకెళితే కంటి డాక్టరు గారు చూసి, నెల రోజులప్పుడు తెచ్చి ఉంటే ఏదైనా చేసేవాళ్లమని అన్నారట. నెల రోజులప్పుడు తీసుకురావాలని, డిశ్చార్జి చేసినప్పుడు ఆ ఇంట్లో ఒక్కరికీ ఎవరూ చెప్పలేదు. ఇచ్చిన చీటీ మీద కూడా రాయలేదు. ఆ చీటీ ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంది, మేము చూశాం.

పోయిన సంక్రాంతికి నలుగురం వాళ్లింట్లో కలిశాం. చెల్లి ఇప్పుడు డిగ్రీ పూర్తి చేసి బి.ఇడి. చదువుతోంది. భోజనాలయ్యాక అడిగింది: "అన్నా, మీరంతా సైన్సు చదివారు గదా. ఆక్సిజన్ పెట్టడం వల్ల నా కళ్లు పోయాయంటాడు నాన్న. దిష్టి అంటుంది నాయనమ్మ. ఆక్సిజన్ అంటే ప్రాణవాయువు గదా, అది కళ్లెట్లా తీస్తది?"

మాకు తెలిసింది రెండు ముక్కలు చెప్పాం. ఆమెకు తృప్తి కలగలేదు, మాకూ కలగలేదు. ఆ తర్వాత ఆరు నెలలు చదివాం. చదివిన కొద్దీ, ఆక్సిజన్ ఒక్కటే కాదు, మన ఒంటిని కాపాడతాయని పదో తరగతిలో బట్టీ పట్టిన తెల్ల రక్త కణాలు కూడా ఈ కథలో ఉన్నాయని తెలిసింది.

ముందు కన్ను సంగతి. కంటి గుండు లోపలి గోడకు వెనకవైపు అతికి ఉండే పలచని పొర నేత్రపటలం. దీన్నే రెటీనా అంటాం. మందం సుమారు పావు మిల్లీమీటరు. ఉల్లిపొర కంటే మరీ మందమేమీ కాదు. కానీ దాని బరువుతో పోలిస్తే అది వాడుకునే ఆక్సిజన్ ఒంట్లో చాలా భాగాల కంటే ఎక్కువ. అంత ఆక్సిజన్ అందాలంటే రక్తనాళాలు దండిగా ఉండాలి. తల్లి కడుపులో బిడ్డకు 16 వారాలు వచ్చేసరికి, దృక్‌నాడి కంటిలోకి వచ్చే చోట ఈ నాళాలు మొదలై నాలుగువైపులా అంచుల దాకా పాకుతాయి. ముక్కు వైపు అంచుకు చేరేసరికి 36 వారాలు, చెవి వైపు అంచుకు చేరేసరికి సుమారు 40 వారాలు పడుతుంది. అంటే నెలలు నిండేదాకా ఆ పని సాగుతూనే ఉంటుంది. ఏడో నెలలో పుట్టిన బిడ్డ కంటిలో నాళాలు సగం దారిలోనే ఉంటాయి. మండల కేంద్రం నుంచి వేసుకొస్తున్న తారురోడ్డు మన ఊరికి రాకముందే కంకర దగ్గర ఆగిపోయినట్టు.

నాళాలకు ఎటు పోవాలో ఎవరు చెబుతారు? ఆక్సిజన్ చాలని కణాలే చెబుతాయి. అవి ఒక ప్రోటీను వదులుతాయి, నాళం కొసన ఉండే కణం ఆ వాసన పట్టుకుని అటువైపు పాకుతుంది. ఇలాంటి పదార్థం ఏదో ఉండాలని 1948లోనే మైకేల్సన్ అనే కంటి శాస్త్రవేత్త ఊహించాడు. చేతికి చిక్కడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. 1989లో ఫెరారా బృందం దాన్ని వేరుచేసి వి.ఇ.జి.ఎఫ్. అని పేరు పెట్టింది. నాళాల లోపొర కణాలను పెంచే కారకమని దాని అర్థం. కడుపులో బిడ్డకు ఆక్సిజన్ మనకు అందినంత అందదు. ఆ కొరతే వి.ఇ.జి.ఎఫ్.ను సరిపడా పుట్టించి నాళాలను నడిపిస్తుంది. లోటు కూడా ఒక పనిముట్టేనన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, చెల్లి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

ఇప్పుడు రోగనిరోధక కణాల దగ్గరికి వద్దాం. మన బడి పుస్తకంలో తెల్ల కణాలంటే సైనికులు. క్రిమి వస్తే పట్టుకు తింటాయి, చీము అవుతాయి, అంతే. అది అబద్ధం కాదు గానీ సగమే. కంటిలో నాళాలు పూర్తిగా పరుచుకోక ముందే అక్కడ చేరి కూర్చునే రక్షణ కణాలు కొన్ని ఉన్నాయి. వీటిని మైక్రోగ్లియా అంటారు. మెదడులోనూ ఇవే ఉంటాయి. మాక్రోఫేజ్‌లకు, అంటే పుస్తకంలోని స్థూలభక్షక కణాలకు ఇవి దగ్గరి చుట్టాలు. పిండం ఇంకా గింజంత ఉన్నప్పుడు సొనసంచిలో పుట్టి అక్కడి నుంచి వలస వస్తాయి. వచ్చి ఏం చేస్తాయి? పాకుతూ వస్తున్న రెండు నాళాల కొసలు ఎదురెదురుగా వచ్చినప్పుడు మధ్యలో నిలబడి వాటిని కలుపుతాయి. లండన్‌లో పరిశోధకులు 2010లో ఎలుక పిల్లల్లో ఇది చూపించారు. ఈ కణాలు లేని ఎలుకల కంటిలో నాళాల జంక్షన్లు తగ్గిపోయాయి.

కలపడమే కాదు, అవసరం తీరిన నాళాలను తీసేయడం కూడా వీటి పనే. కడుపులో ఉండగా బిడ్డ కటకానికి రక్తం ఇవ్వడానికి కంటి మధ్యలో తాత్కాలిక నాళాలు ఉంటాయి. ఇల్లు కట్టేటప్పుడు కట్టే సారువ లాంటివి. కన్ను తయారయ్యాక అవి పోవాలి, లేకపోతే చూపుకు అడ్డం. 1993లో శాస్త్రవేత్తలు ఎలుక కంటిలో మాక్రోఫేజ్‌లను లేకుండా చేస్తే ఆ తాత్కాలిక నాళాలు పోకుండా నిలిచిపోయాయి. మాక్రోఫేజ్ పక్కకు చేరి "నీ పని అయింది" అని సంకేతం ఇస్తేనే ఆ నాళపు కణం తనంతట తాను చచ్చిపోతుందని 2005లో తేలింది. సైనికుడని పేరు పెట్టాం గానీ, ఇక్కడ చేస్తున్నది తాపీమేస్త్రీ పని, ఊడ్చే పని. మన హాస్టల్లో వాచ్‌మన్ తాతే ట్యాంకు కడిగేవాడు, బల్బు మార్చేవాడు, రాత్రి గేటు వేసేవాడు. ఆయన ఉద్యోగం పేరు మాత్రం వాచ్‌మన్.

ఇక చెల్లి ప్రశ్న. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ బయటికి రాగానే, కడుపులో కంటే చాలా ఎక్కువ ఆక్సిజన్ కంటికి తగులుతుంది. ఊపిరితిత్తులు ముదరలేదు కాబట్టి పైనుంచి కూడా ఆక్సిజన్ ఇవ్వక తప్పదు. కొరత పోయేసరికి వి.ఇ.జి.ఎఫ్. తగ్గిపోతుంది. నాళాల నడక ఆగిపోతుంది. అప్పటికే వేసిన లేత నాళాలు కొన్ని ఎండిపోతాయి కూడా. ఇది మొదటి దశ. బయటికి ఏమీ కనిపించదు, బిడ్డ పాలు తాగుతుంది, బరువు పెరుగుతుంది, ఇంటికి పంపిస్తారు. కొన్ని వారాలు గడిచేసరికి రెటీనా ఎదిగి ఆక్సిజన్ అడగడం మొదలుపెడుతుంది. నాళాలు లేని అంచు భాగమంతా ఒక్కసారిగా ఊపిరాడక వి.ఇ.జి.ఎఫ్.ను కుమ్మరిస్తుంది. అప్పుడు పుట్టే నాళాలు పద్ధతిగా పొరలో పాకవు. కంటి గుండు మధ్యలో ఉండే జిగురు ద్రవంలోకి చెట్టు మీది బదనికలా పైకి లేస్తాయి. గోడలు పలచన, కారుతాయి, చిట్లుతాయి. వాటి చుట్టూ మచ్చ కట్టి ముడుచుకుంటే, ఆ లాగుడుకు రెటీనా గోడ నుంచి ఊడి వస్తుంది. ఇది రెండో దశ. ఈ జబ్బును ఆర్.ఓ.పి. అంటారు. నెలలు నిండని బిడ్డల రెటీనా జబ్బు అని చెప్పుకోవచ్చు.

దీన్ని మొదట 1942లో అమెరికాలోని బోస్టన్‌లో టెర్రీ అనే డాక్టరు వర్ణించాడు. ఆ తర్వాత పదేళ్లలో పెద్ద పెద్ద ఆసుపత్రులున్న దేశాల్లో సుమారు 10,000 మంది పసిబిడ్డలు చూపు కోల్పోయారు. 1950లో పుట్టిన ప్రసిద్ధ గాయకుడు స్టీవీ వండర్ వారిలో ఒకడు. విచిత్రం ఏమిటంటే మంచి పరికరాలున్న ఆసుపత్రుల్లోనే జబ్బు ఎక్కువ. ఆక్సిజన్‌ను ఎడాపెడా ఇవ్వడమే కారణమని 1951లో ఆస్ట్రేలియాలో కేట్ క్యాంప్‌బెల్ అనే డాక్టరమ్మ అనుమానించింది. 1953-54లో అమెరికాలో చేసిన పెద్ద పరీక్ష దాన్ని ఖాయం చేసింది. వెంటనే అందరూ ఆక్సిజన్ తగ్గించారు. చూపు పోవడం తగ్గింది, కానీ ఊపిరి చాలక చనిపోయే బిడ్డలు పెరిగారు. ఈ చరిత్ర చదివినప్పుడు మాకు చెల్లి వాళ్ల నాన్న గుర్తొచ్చాడు. ఆక్సిజన్‌ను ఆయన ఇరవై ఏళ్లుగా తిడుతున్నాడు. అది లేకపోతే ఆ బిడ్డ మూడో రోజు కూడా చూసేది కాదు.

రెండో దశలో మన కాపలా కణాలు ఏం చేస్తున్నాయన్నది అసలు సంగతి. దీన్ని చదవడానికి 1994లో లోయిస్ స్మిత్ అనే శాస్త్రవేత్త బృందం ఎలుక పిల్లలతో ఒక పద్ధతి తయారుచేసింది. పుట్టిన 7వ రోజున తల్లితో సహా పిల్లలను 75 శాతం ఆక్సిజన్ ఉన్న పెట్టెలో పెడతారు. 5 రోజులు ఉంచి 12వ రోజున మామూలు గాలిలోకి తెస్తారు. 17వ రోజుకల్లా కంటిలో పిచ్చినాళాలు బాగా మొలుస్తాయి. 25వ రోజుకు అవి వాటంతట అవే చాలావరకు పోతాయి. ఈ చివరి మాట దగ్గరికి మళ్లీ వస్తాం.

వి.ఇ.జి.ఎఫ్. నాళాలను మాత్రమే పిలవదు, రక్తంలో తిరిగే మోనోసైట్లు అనే తెల్ల కణాలను కూడా పిలుస్తుంది. అవి వచ్చి నాళం లోపలి గోడకు అతుక్కుని, గోడ దాటి రెటీనాలోకి దిగుతాయి. దిగాక అవి కూడా వి.ఇ.జి.ఎఫ్. వదులుతాయి, వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. అంటే పిలుపు విని వచ్చినవాళ్లు మళ్లీ అదే పిలుపు మరింత గట్టిగా వేస్తున్నారు. 2003లో బోస్టన్‌లోని పరిశోధకులు ప్రయోగశాల జంతువుల్లో ఈ మోనోసైట్లను మందుతో తగ్గించి చూశారు. పిచ్చినాళాలు బాగా తగ్గాయి, రెటీనాలో పద్ధతిగా పెరగవలసిన నాళాలు మాత్రం పెరిగాయి. చెల్లి పుట్టిన సంవత్సరమే అది. మా లెక్కలో ఈ రంగంలో ఇది పెద్ద మలుపు. మంచి నాళానికీ చెడ్డ నాళానికీ తేడా ఆక్సిజన్ కొరతలో మాత్రమే లేదనీ, ఆ కొరతకు ఎవరు జవాబిస్తున్నారన్నదానిలో కూడా ఉందనీ అది చెప్పింది.

మనుషుల్లో? హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు ఆర్.ఓ.పి. వచ్చిన పసిబిడ్డల కంటి ద్రవాన్ని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. రక్తంలో కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లు ఉంటాయి. వీటి పని, తినవలసినవాటి మీద గుర్తు వేయడం. ఆ గుర్తు చూసి భక్షక కణాలు తింటాయి. ఆ బిడ్డల కంటిలో ఈ ప్రోటీన్లు ఎక్కువగా ఉన్నాయి, మైక్రోగ్లియా రేగిపోయి ఉన్నాయి. మన రాష్ట్రాల బిడ్డల కళ్ల గురించి మన ఊరి ల్యాబులో తేలిన సంగతి కాబట్టి దీన్ని ఒకటికి రెండుసార్లు చదివాం.

ఇంతవరకు చదివినవాళ్లు, అయితే ఈ కణాలను చంపేస్తే సరిపోతుంది గదా అనుకుంటారు. మాలో బడిపంతులు కూడా అదే అన్నాడు. కానీ 2006లో అమెరికాలో మరో ప్రయోగం జరిగింది. ఎముక మూలుగలోని, ఇదే జాతికి చెందిన ముడి కణాలను జబ్బు ఉన్న ఎలుక పిల్లల కంటిలోకి ఎక్కించారు. అవి మైక్రోగ్లియాగా మారి, ఎండిపోయిన నాళాలను తొందరగా బాగుచేశాయి, పిచ్చినాళాలను తగ్గించాయి. అదే జాతి కణం, పని మాత్రం తలకిందులు. ఏ సమయంలో వచ్చింది, ఎక్కడ నిలబడింది, చుట్టూ ఏ రసాయనాలు ఉన్నాయి అన్నదాన్ని బట్టి దాని నడవడి మారుతుంది. ఒకప్పుడు వీటిని మంచి రకం, చెడ్డ రకం అని రెండు డబ్బాల్లో పెట్టేవాళ్లు. ఇప్పుడు ఆ రెండింటి మధ్య ఎన్నో మెట్లున్నాయని శాస్త్రం చెబుతోంది.

ఇప్పుడు 25వ రోజు దగ్గరికి వద్దాం. ఎలుక కంటిలో పిచ్చినాళాలు వాటంతట అవే ఎలా పోతున్నాయి? కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు 2020లో ఒక జవాబు చెప్పారు. మితిమీరి పెరిగిన ఆ నాళాల కణాలు తొందరగా ముసలివైపోతాయి. అవి పంపే సంకేతాలకు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు వస్తాయి. క్రిమి వస్తే ముందుగా ఉరికేవి ఇవే. ఇవి తమ లోపలి డి.ఎన్.ఎ.నే వలలా బయటికి విసురుతాయి. మామూలుగా ఆ వల బ్యాక్టీరియాను పట్టడానికి. ఇక్కడ ఆ వలతో ముసలి నాళాలను పట్టి తొలగిస్తాయి. వల విసరకుండా ఆపితే పిచ్చినాళాలు ఎక్కువ కాలం నిలిచిపోయాయి. నాళాలను రెచ్చగొట్టేవీ రక్షణ కణాలే, చివరికి ఊడ్చి పోసేవీ రక్షణ కణాలే.

పెద్దవాళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాం. షుగర్ జబ్బు ఏళ్లు గడిచేసరికి తెల్ల కణాలు రెటీనాలోని సన్నని నాళాల గోడలకు అతుక్కుని దారి మూస్తాయి. దాంతో ఆక్సిజన్ కొరత, వి.ఇ.జి.ఎఫ్., పిచ్చినాళాలు, అదే వరుస. 1994లో షుగర్ రోగుల కంటి ద్రవంలో వి.ఇ.జి.ఎఫ్. ఎక్కువగా ఉండడం కనుక్కున్నారు. మన ఊళ్లలో వరికోతలప్పుడు కంట్లో గడ్డిపోచ గుచ్చుకుని పుండు పడితే, నాళాలు అసలు ఉండకూడని నల్లగుడ్డు మీది గాజు లాంటి పొరలోకి కూడా తెల్ల కణాల వెంట నాళాలు వచ్చేస్తాయి. కంట్లో పువ్వు వేసిందంటారే, అందులో ఎర్రటి చారలు చాలామంది చూసే ఉంటారు. ఇంట్లో షుగర్ ఉన్న అమ్మానాన్నలు ఉంటే, చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి రెటీనా చూపించాలి. మసక వచ్చేదాకా ఆగితే ఆలస్యమే.

వైద్యం సంగతికొస్తే, నాళాలు లేని అంచు భాగాన్ని లేజర్‌తో కాల్చడం పాత పద్ధతి. ఆకలితో అరిచే భాగమే లేకపోతే వి.ఇ.జి.ఎఫ్. తగ్గుతుంది. అంచు చూపు కొంత పోతుంది, నడిమి చూపు దక్కుతుంది. చల్లబరిచి చేసే అలాంటి పద్ధతి పనిచేస్తుందని 1988లోనే రుజువైంది, తర్వాత లేజర్ వచ్చింది. అంటే 2003 నాటికి వైద్యం ఉంది. ఇప్పుడు వి.ఇ.జి.ఎఫ్.ను పట్టేసే ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. 2011లో బెవాసిజుమాబ్‌తో పసిబిడ్డల్లో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. రానిబిజుమాబ్‌కు 2019లో యూరప్‌లో, అఫ్లిబెర్సెప్ట్‌కు 2023లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి దొరికింది. అయితే కంటిలో వేసిన మందు కొంత రక్తంలోకి చేరుతుంది, పెరిగే బిడ్డ ఒంట్లో మిగతా చోట్ల వి.ఇ.జి.ఎఫ్. కావాలి. పైగా నాళాలు తిరగబెట్టవచ్చు. కాబట్టి ఇంజెక్షన్ వేయించి ఊరుకుంటే కుదరదు, నెలల తరబడి తిప్పాలి. రక్షణ కణాల నడవడి మార్చి ఈ జబ్బును నయం చేసే మందు ఇంకా వాడుకలోకి రాలేదు. ఎందుకు కష్టమో పైన చూశాం: ఆపితే ఊడ్చేవాళ్లు కూడా ఆగిపోతారు.

మన దేశంలో 2020లో సుమారు 30 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారని అంచనా. 2 కిలోల కంటే తక్కువ బరువుతో గానీ, 34 వారాలు నిండకుండా గానీ పుట్టిన ప్రతి బిడ్డకు, పుట్టిన 30 రోజుల లోపు కంటి డాక్టరు రెటీనా చూడాలని మన దేశపు నియమం. 28 వారాల లోపు పుట్టినా, 1200 గ్రాముల కంటే తక్కువ ఉన్నా 2-3 వారాలకే చూడాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ జబ్బు కూడా ఉంది. చుక్కల మందు వేసి, పాప పెద్దదయ్యాక చూస్తారు, పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు. ఆసుపత్రిలో ఎవరూ చెప్పకపోయినా మనమే అడగవచ్చు. పోయినేడు మన హాస్టల్ జూనియర్ ఒకతనికి 31 వారాలకు కొడుకు పుట్టాడు. మాలో కంటి ఆసుపత్రిలో ఉన్నవాడు పోరగా పోరగా 26వ రోజున తీసుకొచ్చాడు. రెండు కళ్లకూ లేజర్ చేశారు. పిల్లాడు ఇప్పుడు బంతి వెంట పడుతున్నాడు.

ఈ వ్యాసం సంచికకు పంపే ముందు చెల్లికి చదివి వినిపించాం. న్యూట్రోఫిల్స్ పేరా దగ్గర ఆపి, మళ్లీ చదవమంది. "మరి నా కంట్లోకి ఆ ఊడ్చేవాళ్లు ఎందుకు రాలేదన్నా?" అంది. చాలామంది పిల్లల్లో ఈ జబ్బు కొద్దిగా వచ్చి దానంతట అదే తగ్గుతుందనీ, కొందరిలో తగ్గేలోపే రెటీనా ఊడిపోతుందనీ చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఏడో నెలలో తాను బావి గట్టున జారిపడడం వల్లే ఇదంతా అని అమ్మ లోపల్లోపల కుమిలిపోతోందని మొదటిసారి మాతో చెప్పింది. అన్న అయిన మావాడికే ఆ సంగతి తెలియదు. ఈ పేజీలు అమ్మకు తానే చదివి వినిపిస్తానంది. బ్రెయిలీ పలక తెచ్చుకుని కూర్చుంది. మేము ఒక్కొక్క వాక్యం చెబుతుంటే తను గుచ్చుకుంటూ పోయింది. 1993 ఎలుకల దగ్గరికి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది.